పలకా బలపం దానం కాదు, బాకీ!

ఏప్రిల్ 14 వచ్చిందంటే చాలు, వాడవాడకూ ఫ్లెక్సీలు లేస్తాయి. అందులో బాబాసాహెబ్ బొమ్మ అరచేయంత, కౌన్సిలర్ బొమ్మ తలుపంత. విగ్రహం కాడ కుర్చీలు వేసి, మన పిల్లల్ని ఎండలో వరస నిలబెట్టి, తలా రెండు నోటుబుక్కులు, ఒక పెన్ను చేతిలో పెడతారు. అట్ట మీద కూడా ఆయన బొమ్మే. ఆగస్టు 15కు పలకలు పంచుతారు. ఎలక్షన్లు దగ్గరపడితే యువజన సంఘానికి క్రికెట్ కిట్టు వస్తుంది. మర్నాడు పేపర్లో 'పేద విద్యార్థులకు కౌన్సిలర్ చేయూత' అని వార్త పడుతుంది.

మేము బడిలో పాఠం చెప్పుకుని బతికేవాళ్లం, సాయంత్రం వాడల్లో సంఘం పని చేసేవాళ్లం. మేము అడుగుతున్నది ఒక్కటే. చేయూత ఎవరు ఎవరికి ఇస్తున్నట్టు? ఆ పిల్లల తల్లులు పొద్దంతా నడుములు వంచి నాటు వేస్తే, పత్తి ఏరితే ఈ దేశం కడుపు నిండుతున్నది, ఒళ్లు కప్పుకుంటున్నది. అగ్గిపెట్టె కొన్నా సబ్బు కొన్నా వాళ్లు పన్ను కడుతూనే ఉన్నారు. ఆ పైసలతో రావాల్సిన అంగన్‌వాడీ రాదు, రావాల్సిన గుడ్డు రాదు. నోటుబుక్కు మాత్రం దానంగా వస్తుంది. దానం పట్టేటోడు చెయ్యి చాపి నిలబడతడు. బాకీ వసూలుకు పోయేటోడు లెక్క అడుగుతడు. మన పిల్లలకు మనం ఏది నేర్పాలి?

కౌన్సిలర్ మనవాడే కావచ్చు. ఎస్సీ రిజర్వుడు సీటులో గెలిచినవాడే కావచ్చు. ఆయన మీద మాకు పగ లేదు. పరాయివాణ్ని నిలదీయడానికి భయపడే రోజుల్లో కూడా నిలదీసినం. మనవాణ్ని అడగడానికి ఎందుకు మొహమాటం?

కౌన్సిలర్ అంటే ఎట్లుండాలో చెప్పడానికి ఒక మనిషి బతుకు మన ముందే ఉన్నది. మహాత్మా జోతీరావు ఫూలే 1848లో సావిత్రీబాయితో కలిసి పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టిన సంగతి అందరికీ తెలుసు. ఆయన 1876 నుంచి కొన్నేళ్లు పూనా మునిసిపాలిటీలో సభ్యుడిగా ఉన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1880లో వైస్రాయి వస్తున్నాడని పట్నాన్ని అలంకరించడానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెడదామని మునిసిపాలిటీలో తీర్మానం పెట్టారు. ఆ సొమ్ము పేదల చదువుకు పెట్టమన్నాడు ఫూలే. 32 మంది నామినేటెడ్ సభ్యుల్లో తీర్మానానికి వ్యతిరేకంగా చెయ్యెత్తినవాడు ఆయనొక్కడే. ఓట్ల లెక్కలో ఆయన ఓడిపోయాడు. అయినా ఆ 32 మందిలో మిగతావాళ్ల పేర్లు ఇవాళ ఏ వాడలో వినబడుతున్నాయి? రెండేళ్లకు 1882లో హంటర్ కమిషన్ ముందు ఆయన ఇంకో మాట పెట్టాడు. రైతుల దగ్గర వసూలు చేసిన సొమ్ము పైకులాల పెద్ద చదువులకు పోతున్నదని, కనీసం పన్నెండేళ్లు వచ్చేదాకా పిల్లలందరికీ చదువు తప్పనిసరి చెయ్యమని అడిగాడు. ఆ మాట చట్టం కావడానికి ఈ దేశ పాలకులకు 127 ఏళ్లు పట్టింది.

ఆ చట్టం పేరు 2009 విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది. దాని 9వ సెక్షన్ ప్రతి కార్యకర్తా చదవాలి. అది స్థానిక సంస్థల బాధ్యతలు చెప్పే సెక్షన్. పంచాయతీ, మునిసిపాలిటీ స్థానిక సంస్థలేనని అదే చట్టం చెప్పింది. తన హద్దుల్లో ఉన్న 14 ఏళ్లలోపు పిల్లలందరి రికార్డు స్థానిక సంస్థ దగ్గర ఉండాలి. వాళ్లు బడిలో చేరారా, రోజూ పోతున్నారా, చదువు పూర్తి చేశారా చూడాలి. బలహీనవర్గాల పిల్లల మీద వివక్ష జరగకుండా కాపాడాలి. వలసపోయి వచ్చిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించాలి. ఇవన్నీ దయతో చేసే పనులు కావు, చట్టం నెత్తిన పెట్టిన పనులు.

ఇప్పుడు మన కౌన్సిలర్‌ను అడుగుదాం. అన్నా, ఓటరు లిస్టు నీ జేబులో ఉంటది. ఏ ఇంట్ల ఎన్ని ఓట్లున్నయో నోటికి చెప్తవు. హైదరాబాదుకు వలసపోయినోళ్లను బండి పెట్టి తోలుకొచ్చి ఓటు వేయిస్తవు. మరి నీ వార్డుల 14 ఏండ్లలోపు పిల్లలు ఎంతమంది? అండ్ల బడికి పోనోళ్లు ఎందరు? పత్తి ఏరే రోజుల్లో మా బడి బెంచీలు ఖాళీ అవుతాయి. గద్వాల వైపు సీడు పత్తి చేన్లలో క్రాసింగు పనికి పోయే చిన్న చేతులు ఎవరివో అందరికీ తెలుసు. పాలమూరు నుంచి తల్లిదండ్రుల వెంట వలసపోయే పిల్లల పేర్లు ఏ రికార్డులో ఉన్నాయి? పద్దెనిమిది నిండినోళ్ల లిస్టు ఉన్నప్పుడు పద్నాలుగు నిండనోళ్ల లిస్టు ఎందుకు లేదు? వాళ్లకు ఓటు లేదు గనక!

అంగన్‌వాడీ సంగతి చూడండి. 1975లో మొదలైన పథకం అది. చాలా ఊళ్లల్లో సెంటరు ఊరి నడుమ ఉంటుంది, వాడ ఊరి బయట ఉంటుంది. మధ్యలో రోడ్డు, రోడ్డు మీద లారీలు. పొద్దున ఆరు గంటలకే కూలికి పోయే తల్లి మూడేళ్ల బిడ్డను అంత దూరం దించి రాలేదు. ఎనిమిదేళ్ల అక్కకు అప్పజెప్పి పోతుంది. అక్క బడి మానేస్తుంది. ఒక్క సెంటరు లేకపోతే చిన్నదానికి తిండి పోయింది, పెద్దదానికి చదువు పోయింది. మేము హాజరు పట్టీలో 'గైర్హాజరు' అని రాస్తాం. తప్పు ఆ పిల్ల మీద పడుతుంది.

దీనికి కూడా దారి ఉన్నది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఒక ఆర్డరు ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లెగానీ బస్తీగానీ అడిగితే, అడిగిన మూడు నెలల్లో సెంటరు ఇవ్వాలన్నది. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలన్నది. అడగాలి గదా! ఎవరు అడగాలి? మన ఓటుతో గెలిచి కుర్చీలో కూసున్నోడు మొదలు అడగాలి. 2013 ఆహార భద్రతా చట్టం మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు హక్కుగా రాసింది. బడి భోజనంలో చిన్న తరగతులకు 450 కేలరీలు, 12 గ్రాములు, పై తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాములు అన్నది. నీళ్ల పప్పు పోస్తే ఈ లెక్క తేలుతుందా? కౌన్సిలర్ నెలకొక్కసారైనా బడికి వచ్చి గంటె పట్టుకుని చూశాడా?

ఇంకో మాట. 2004 ఏప్రిల్ 20న అదే సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వంటపనిలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ముందు అవకాశం ఇవ్వమన్నది. ఎందుకన్నదో వేరే చెప్పాలా? మన అక్క వండితే మా పిల్లలు తినరని ఊరి పెద్దమనుషులు క్యారేజీలు పంపే రోజులు పోలేదు గనక అన్నది. అట్లాంటి చోట కౌన్సిలర్ మధ్యవర్తిగా రాజీ చెయ్యడం కాదు. పోయి పిల్లల పంక్తిలో కూసోని ఆ అక్క చేతి అన్నం తినాలి. తినని పెద్దలను అంటరానితనం నేరమని రాసిన రాజ్యాంగం ముందు నిలబెట్టాలి. ఇది పిల్లలకు చేసే అసలైన సేవ.

ఇక యువత. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు డిగ్రీలు చేతబట్టుకుని కానిస్టేబులు, గ్రూపు పరీక్షలకు చదువుకుందామంటే వాడలో కూసుని చదివే గది లేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పడుతున్నది. 1960 గ్రంథాలయాల చట్టం నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. రసీదు తీసి చూసుకోండి. ఆ పైసలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు కట్టకుండా బాకీ పెట్టుకున్న స్థానిక సంస్థలు ఎన్నో. పుస్తకాల పైసలు మింగి క్రికెట్ బ్యాటు ఇస్తే చప్పట్లు కొట్టాలా? ఆట వద్దనడం లేదు. బ్యాటుతో పాటు పుస్తకం ఏదని అడుగుతున్నాం. బెల్టుషాపు మాత్రం వాడ మొగదలే ఎందుకున్నదని కూడా అడుగుతున్నాం. ఫూలే 1880లో మునిసిపాలిటీలో కూసుని సారా దుకాణాలను కూడా వ్యతిరేకించాడు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూనే సారా మీద తిరగబడ్డారు. చదువుకున్న వాడ ఎట్లా లేస్తుందో పాలకులకు తెలుసు. అందుకే సీసా వచ్చినంత తొందరగా పుస్తకం రాదు.

"నిధుల్లేవు, అధికారాల్లేవు, మేమేం జెయ్యాలె?" అంటారు మనవాళ్లు. ఇందులో నిజం ఉన్నది. 1992లో 73, 74 రాజ్యాంగ సవరణలు చేసి, పదకొండో షెడ్యూల్లో పాఠశాల చదువునూ, స్త్రీ శిశు అభివృద్ధినీ పంచాయతీల పనులుగా రాశారు. కాగితం మీద రాసిన అధికారాన్ని చేతికి ఇవ్వలేదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచికి తోడు ఉపసర్పంచి సంతకం కూడా ఉంటేనే చెక్కు చెల్లుతుందన్నది. రిజర్వుడు సీటులో మన ఆడబిడ్డ సర్పంచి అయితే ఉపసర్పంచి కుర్చీలో ఎవరు కూసుంటున్నారో ఊరూరా చూస్తున్నాం. గెలిచేది అక్క, తిరిగేది బావ, చెప్పేది దొర.

అదే చట్టం ఇంకో విడ్డూరం చేసింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే సర్పంచి పదవికే ఎసరు పెట్టింది. 2019 మునిసిపల్ చట్టం బడ్జెట్లో పదోవంతు పచ్చదనానికి పక్కన పెట్టమన్నది. చెట్లు బతకాలి, మేము కాదనం. కానీ చెట్టు ఎండితే కుర్చీ పోయే రాజ్యంలో, వాడ బిడ్డ ఎండిపోతే ఎవరి కుర్చీ పోతుంది?

అయినా, అధికారం లేదన్న మాట చాటున దాక్కోవద్దు. నోరున్నది, తీర్మానం పెట్టే హక్కున్నది, మినిట్స్ పుస్తకంలో అసమ్మతి రాయించే హక్కున్నది. ఫూలే చేతిలో ఇంతకన్నా ఏమున్నది?

మనకూ ఒక బాధ్యత ఉన్నది. మహద్ కథ గుర్తుచేసుకోండి. చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చెరువును అందరిదీ అన్నది. మూడేళ్లు గడిచినా మనవాళ్లు ఆ నీళ్లు ముట్టుకోలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టినాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. అదే ఏడు ఆగస్టులో మునిసిపాలిటీ భయపడి ఆ తీర్మానాన్ని రద్దు చేసుకున్నది. చివరికి 1937లో బొంబాయి హైకోర్టులో మనం గెలిచినం. కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు. దాని వెనుక వాడ నడవాలి. నడవకపోతే రాసిన చేతులే దాన్ని కొట్టేస్తాయి.

అందుకని అన్నలారా, అక్కలారా, వచ్చే పదిహేను రోజుల్లో ప్రతి వాడ సంఘం ఈ పనులు మొదలు పెట్టాలి:

1. ఇల్లిల్లూ తిరిగి ఆరేళ్లలోపు పిల్లల పేర్లు ఒక పుస్తకంలో, 14 ఏళ్లలోపు పిల్లల పేర్లు ఇంకో పుస్తకంలో రాయండి. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పని పట్టుకోవాలి.

2. ఆరేళ్లలోపు వాళ్లు 40 మంది దాటి, సెంటరు లేకపోతే, 2006 ఆర్డరు పేరు రాసి దరఖాస్తు పెట్టండి. కౌన్సిలర్ చేత సంతకం చేయించండి. తేదీ వేసిన రసీదు తీసుకోండి. మూడు నెలలు లెక్కపెట్టండి.

3. బడిలో పిల్లల హక్కుకు భంగం జరిగితే నోటిమాటగా గొణుక్కోవద్దు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉన్నది.

4. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బలహీనవర్గాల తల్లిదండ్రులకు వాళ్ల వంతు దక్కాలి. సంతకానికి పిలిచే కమిటీ కాదు, లెక్క అడిగే కమిటీ కావాలి.

5. గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత కట్టారు, సమాచార హక్కు కింద అడగండి.

6. కౌన్సిలర్‌ను, వార్డు మెంబరును వాడకు పిలవండి. దండ వద్దు, మైకు వద్దు. చాప మీద కూసోబెట్టి ఈ పుస్తకాలు ముందు పెట్టండి. పని చేసేవాళ్లయితే మనం వాళ్ల వెనుక గోడలా నిలబడదాం. ఒంటరిగా చెయ్యెత్తే గతి మనవాళ్లకు పట్టనివ్వొద్దు. చెయ్యనివాళ్లయితే ఆ సంగతి కూడా పుస్తకంలో రాసి పెట్టుకుందాం. అయిదేళ్లకు మళ్లీ వస్తారు గదా, అప్పుడు చదివి వినిపిద్దాం.

రిజర్వుడు సీటు ఎవరి జేబులోంచో రాలేదు. బాబాసాహెబ్ కొట్లాట, వేలమంది పేరులేని మనుషుల త్యాగం దాని వెనుక ఉన్నాయి. ఆ సీటులో కూసున్నోడు వాడ పిల్లలకు బాకీ. ఆ బాకీ వసూలు చేసే పని మనది.

జై భీమ్!