చిన్న కెమేరానా? పెద్ద కెమేరానా?

చిన్నారులూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఆత్మకూరుది. రాసినది తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. ముందు ఆ ఉత్తరం చదవండి.

“మామయ్యగారికి నమస్కారాలు. మా తాత ఉదయగిరిలో ఉంటాడు. కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తాడు. ఇప్పుడు చూపు తగ్గింది. వచ్చే వేసవి దాకా చేస్తాను, ఆ మీదట ఉలి పట్టను అంటున్నాడు. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ పని రాదు. తాత పని చేస్తుండగా మొదటినుంచి చివరిదాకా ఫోటోలు తియ్యాలని నా ఆశ. మా నాయన కెమేరా కొంటానన్నాడు. కాని ఒకటే. జేబులో పట్టే చిన్నది కావాలని నేనంటాను. దుర్గం కొండ ఎక్కేటప్పుడు కూడా తీసుకుపోవచ్చు గదా! కటకం మార్చుకునే పెద్దది కొందాం, నాలుగు కాలాలు ఉంటుంది అని మా నాయన అంటాడు. చిన్నదానికి 20 మెగాపిక్సెళ్ళు, పెద్దదానికి 24, ఈ నాలుగింటి కోసం అంత డబ్బు ఎందుకు అని మా అన్న అంటాడు. ఎవరి మాట సరి అయినది?”

అమ్మాయీ, ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉన్నది. అందుకే తగవు తేలటం లేదు. ఇది మీ ఇంట్లో పుట్టిన తగవు కూడా కాదు, ఫోటోలంత పాతది. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకుని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడని చదువుకున్నావు గదా! ఆ హంపీ శిథిలాలను 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. మూరెడేసి కాగితాలే ఆయన నెగటివులు. అంత కాగితం పట్టాలంటే కెమేరా ఎంత ఉండాలో ఊహించుకో! రాళ్ళమీది శిల్పం ఆ ఫోటోలలో ఈనాటికీ స్పష్టంగా కనపడుతుంది. కాని అలాంటి కెమేరాను ఎవరు పడితే వారు మొయ్యగలరా? 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ చేతిలో పట్టే కోడక్ పెట్టెను తెచ్చాడు. అందులో 100 ఫోటోలకు సరిపడా ఫిల్ము చుట్ట ఉండేది. ఫోటోలు చిన్నవే, కాని మామూలు మనుషులు కూడా తియ్యగలిగారు. మోత పెరిగితే స్పష్టత, మోత తగ్గితే సౌకర్యం. నీకూ మీ నాయనకూ నడుమ ఉన్న తగవు ఇదే.

ఇప్పటి రెండు కెమేరాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. చిన్నవాటిలో ఉదాహరణకు కానన్ ఇక్సస్ 285 తీసుకుందాం. అది 2016లో వచ్చింది. బరువు 147 గ్రాములు, అంటే ఒక పెద్ద జామకాయంత. పెద్దవాటిలో అదే కంపెనీ 2023లో తెచ్చిన ఆర్100 తీసుకుందాం. దానితో వచ్చే కటకాన్ని కూడా కలిపితే దగ్గర దగ్గర అర కిలో. దీన్ని మిర్రర్‌లెస్ అంటారు, అంటే అద్దం లేనిది. పూర్వపు పెద్ద కెమేరాల లోపల ఒక అద్దం ఉండేది. అది దృశ్యాన్ని పైకి తిప్పి కంటికి చూపించి, మీట నొక్కగానే టక్కున లేచేది. ఆ అద్దాన్ని తీసేసి, దాని బదులు చిన్న తెర పెట్టారు. 2008లో పానసోనిక్ జీ1 వచ్చిన తరవాత ఈ రకం ప్రచారంలోకి వచ్చింది.

ఇక మీ అన్న లెక్క. మెగాపిక్సెలు అంటే 10 లక్షల చుక్కలు. ఈ చుక్కలన్నీ కటకం వెనక ఉండే సెన్సర్ అనే పలక మీద ఉంటాయి. చిన్న కెమేరాలో ఆ పలక 6.17 మిల్లీమీటర్ల పొడవు, 4.55 వెడల్పు, రమారమి కందిపప్పు బద్దంత. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. పెద్దదానిలో 22.3 పొడవు, 14.9 వెడల్పు, అంటే తపాలా బిళ్ళంత. వైశాల్యం 332. చిన్నదానికి 12 రెట్లు! చుక్కల సంఖ్యలో పెద్ద తేడా లేదు. ఒకచోట అవి కందిపప్పు మీద ఇరుక్కుని ఉన్నాయి, ఇంకొకచోట తపాలా బిళ్ళ మీద కాళ్ళు చాపుకుని కూచున్నాయి. వాన పడేటప్పుడు వాకిట్లో ఒక గ్లాసూ, ఒక తాంబాళమూ పెట్టి చూడు. ఎందులో ఎక్కువ నీరు పడుతుంది? వెలుగు కూడా అంతే.

పలక ఒక్కటే చాలదు, వెలుగు లోపలికి వచ్చే దారి కూడా చూడాలి. కటకం నాభ్యంతరాన్ని ఎఫ్-సంఖ్య అనే అంకెతో భాగిస్తే ఆ దారి వెడల్పు వస్తుంది. ఈ రెండు అంకెలూ కటకం అంచునే రాసి ఉంటాయి. చిన్నదానికి 4.5 ను 3.6 తో భాగిస్తే 1.25 మిల్లీమీటర్లు. పెద్దదానికి 18 ని 4.5 తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు. వెడల్పు 3.2 రెట్లు గనక, వైశాల్యం 3.2 ను 3.2 తో హెచ్చవేసినంత, అంటే రమారమి 10 రెట్లు. దాదాపు అదే దృశ్యాన్ని చూస్తూ పెద్ద కెమేరా 10 రెట్లు వెలుగు తాగుతుందన్నమాట.

నా మాట నమ్మవద్దు. మీరే పరీక్ష చెయ్యండి. ఎండ పడే కిటికీకి నల్లని అట్ట అడ్డం పెట్టి, గది చీకటి చెయ్యండి. అట్టలో గుండుసూదితో ఒక బెజ్జం, జానెడు దూరంలో పెన్సిలు మొనతో 4 మిల్లీమీటర్ల బెజ్జం పొడవండి. రెండు గజాల అవతల తెల్లకాగితం పట్టుకోండి. రెండు గుండ్రని వెలుగులు రమారమి ఒకే పరిమాణంలో పడతాయి, కాని పెద్ద బెజ్జం వెలుగు ఎంత తీక్షణంగా ఉంటుందో చూడండి. బెజ్జంలోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి!

ఇప్పుడు ఉదయగిరి పోదాం. నీడగా ఉన్న వసారాలో మీ తాత కూచుని కొయ్యను చెక్కుతున్నాడు. బయటి ఎండ వెలుగు ఇంటిలోపలి వెలుగుకు వందల రెట్లు ఎక్కువ. లోపల వెలుగు చాలక చిన్న కెమేరా పదో వంతు సెకనుపాటు కన్ను తెరిచి ఉంచిందనుకో. ఆ లోపల తాత చెయ్యి జానెడు కదులుతుంది. ఫోటోలో తాత ముఖం ఉంటుంది, గోడ ఉంటుంది, ఉలి ఉండవలసినచోట పొగ ఉంటుంది! చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు రెండు కెమేరాలలోనూ ఉన్నది గాని, అది పట్టుకున్నవారి వణుకును ఆపుతుంది, పనిచేసేవారి చేతిని ఆపదు. త్వరగా కన్ను మూయమంటే, కెమేరా ఉన్న కాస్త వెలుగునే బలవంతాన పెంచి చూపిస్తుంది. అప్పుడు ఫోటో మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. అదే వసారాలో పెద్ద కెమేరాకు నూరో వంతు సెకను చాలు. ఉలి అంచు, లేస్తున్న కొయ్య పొట్టు, తాత వేలిమీది పాత గాటు, అన్నీ నిలుస్తాయి.

అయితే పెద్దదే అన్నిటా గొప్పదా? కానే కాదు. సోమశిల జలాశయం మీద దూరాన వాలిన కొంగను తియ్యాలనుకో. చిన్న కెమేరా దృశ్యాన్ని 12 రెట్లు దగ్గరకు లాగుతుంది. పెద్దదానితో వచ్చే మామూలు కటకం రెండున్నర రెట్లే లాగుతుంది. ఇంకో కటకం కొనాలంటే ఇంకో ఖర్చు. దుర్గం కొండ ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అక్కడ జేబులోదే మేలు. కాని మిట్టమధ్యాహ్నం బండలమీద ఎండకు దాని వెనక తెర కనపడదు. కంటికి ఆనించి చూసే ఏర్పాటు పెద్దదానికే ఉన్నది. పెద్దదానికి ఇంకొక బెడద దుమ్ము. గాలి వీచేచోట కటకం విప్పితే సెన్సర్ మీద దుమ్ము వాలి, ప్రతి ఫోటోలోనూ మచ్చ పడుతుంది.

ఫోను ఉండగా ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతారు. నిజమే. 2010లో జపాను కంపెనీలు కటకం మారని చిన్న కెమేరాలను 10 కోట్లకు పైగా పంపాయి. 2023 నాటికి అవి 20 లక్షలు కూడా లేవు. ఆ పని ఫోను చేస్తున్నది మరి! అందువల్ల పెద్దలకు ఒక మాట. ఇంట్లో మంచి ఫోను ఉంటే, చిన్న కెమేరా కొత్తగా ఇచ్చేది దూరాన్ని లాగే కటకమొక్కటే. పెట్టెమీద 48 మెగాపిక్సెళ్ళని రాసి, లోపల ఫోకసు సరిచేసుకునే ఏర్పాటైనా లేని చవక కెమేరాలు కూడా అమ్ముతున్నారు. పెట్టెమీది అంకె చూడకండి. సెన్సర్ ఎంత, కటకం ఎంత అని అడగండి. కొనేముందు దుకాణంలోనే నీడపట్టున కదిలే చేతిని ఒక ఫోటో తీసి చూడండి. పెద్దది కొంటే మెమరీ కార్డు, సంచి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

అమ్మాయీ, ఇక నీ ప్రశ్నకు జవాబు. కొండ కోసమూ కొంగ కోసమూ అయితే నీ మాటే సరి. కాని నీ ఉత్తరంలో గడువు ఉన్నది ఒక్కదానికే. దుర్గం కొండ 500 ఏళ్ళనాడు రాయలను చూసింది, నువ్వు కాలేజీకి పోయినాక కూడా అక్కడే ఉంటుంది. మీ తాత ఉలి వచ్చే వేసవి దాకానే. ఆ పని జరిగేది నీడలో, కదిలే చేతులతో. కాబట్టి ఈసారికి మీ నాయన మాట వినమంటాను. మామూలు కటకంతో వచ్చే మిర్రర్‌లెస్ చాలు, అంతకన్న ఖరీదైనది అక్కర్లేదు.

డబ్బు కుదరటానికి ఆలస్యమవుతుందా? కెమేరా కోసం కూచోవద్దు. వచ్చే ఆదివారమే ఆత్మకూరులో బస్సెక్కు. మీ నాయన ఫోను అడిగి తీసుకుపో. తాతను అడిగి, ఆయన ఒప్పుకుంటే, పీటను గుమ్మం దగ్గరికి జరుపు. ఆ నాలుగడుగులు జరిపితే వచ్చే వెలుగు ఏ కెమేరా కొన్నా రాదు.

ఇంకొక్క మాట. ఏ కెమేరా అయినా మాటలు రాసిపెట్టదు. పక్కన నోటుపుస్తకం పెట్టుకుని, ఇది ఏ కొయ్య, ఏ కొండలో దొరికింది, ఈ పనిముట్టును ఏమంటారు, చెంచా గుంట ఎంత లోతు ఉండాలో చేతికి ఎట్లా తెలుస్తుంది, ఇవన్నీ తాతను అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకో. ఫోటో నంబరు పక్కన ఆ మాట ఉండాలి. అప్పుడు చూసినవాళ్ళకు చేతులు కనపడటమే కాదు, పని కూడా కొంత తెలుస్తుంది.

తక్కిన చిన్నారులు కిటికీ పరీక్ష చేసి, ఏం కనపడిందో రాయండి. వెలుగు చుక్క గుండ్రంగానే ఎందుకు పడింది? పలకల బెజ్జం చేస్తే పలకలుగా పడుతుందా? వచ్చే నెల దాన్ని గురించి చెప్పుకుందాం.

మీ మామయ్య