యంత్రం ఆగమన్నప్పుడు



“మా అమ్మాయి బి.టెక్. ముగించింది. ఇప్పుడు రోబోలు, ఆటోమేషన్ అంటూ ఇంకో రెండేళ్లు ఎం.టెక్. చదువుతానంటోంది. మధ్యలో కొన్ని నెలలు ఏదో సంస్థలో ఉండి పని నేర్చుకోవాలట. పంపమంటారా అయ్యగారూ?” అని సూళ్లూరుపేట వైపు నుండి ఒక తండ్రి అడిగారు. ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది. కనుక ఈ నెల దాని గురించే ఆలోచిద్దాం.

ఆటోమేషన్ అంటే మనిషి ప్రతిసారీ చెయ్యి వేయకుండా యంత్రం తనంతట తానే చూసుకొని, సరిచేసుకొని పనిచేయడం. దీనికి సాక్ష్యం మనకు దగ్గరలోనే ఉంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట నుండి 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఇప్పుడు అక్కడ రాకెట్ లేచే ముందు చివరి నిమిషాల్లో తనిఖీలన్నీ కంప్యూటరే చేస్తుంది. ఏదైనా తేడా కనిపిస్తే అదే ఆపేస్తుంది.

1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్‌ను తొలిసారి పంపే వేళ కంప్యూటర్ ఆగమంది. నిపుణులు ఫరవాలేదన్నారు. నాయకుడైన అబ్దుల్ కలాం గారు కంప్యూటర్‌ను పక్కనపెట్టి ముందుకు వెళ్లారు. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఈ సంగతి ఆయనే తర్వాత అనేక సభల్లో దాచకుండా చెప్పారు. ఆనాడు పత్రికలవారి ముందు నిలబడి బాధ్యత తనపై వేసుకున్నది పెద్దాయన సతీష్ ధావన్ గారు. 1980 జూలై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం కలాం గారినే మాట్లాడమన్నారు.

2023 అక్టోబరు 21న గగనయాన్ పరీక్షా రాకెట్‌ను ఇంకో 5 క్షణాల్లో వదలాల్సి ఉండగా కంప్యూటర్ ఆపేసింది. ఈసారి ఎవరూ తొందరపడలేదు. కారణం వెదికారు, సరిచేశారు, ఉదయం 10 గంటలకు పంపారు. పని నెరవేరింది.

ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. యంత్రం ఎంత తెలివైనదైనా, అది ఏమి చెబుతోందో గ్రహించగల మనిషి కావాలి. మీ అమ్మాయి చదవాలంటున్నది ఆ విద్యనే.

చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం. ఇక్కడి నుండి ఆజ్ఞ పంపి, జవాబు తెలుసుకోవడానికి రెండు క్షణాలకు పైనే పడుతుంది. దిగే నౌకకు అంత తీరిక ఉండదు. అందుకే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ తన దారి తానే చూసుకొని దిగింది. కానీ 26 కిలోల ప్రజ్ఞాన్ బండికి ఎదురుగా 4 మీటర్ల గొయ్యి వచ్చినప్పుడు, ఇక్కడి మనుషులే దానిని వెనక్కి తిప్పారు. ఆ ప్రాజెక్టుకు సహ డైరెక్టరుగా నిలిచింది కల్పనా కాళహస్తి అనే స్త్రీ. ఆడపిల్లకు ఇదేం చదువు అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ చదువులో మోటార్లు, సెన్సార్లు, లెక్కలు, కంప్యూటర్ ప్రోగ్రాములు అన్నీ కలిసి ఉంటాయి. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఏ శాఖవారైనా ఇందులోకి రావచ్చు. అయితే తరగతి బల్లమీద చక్కగా కదిలిన యంత్రపు చెయ్యి, దుమ్ము, వేడి, ఉప్పుగాలి మధ్య మొరాయిస్తుంది. అప్పుడేం చేయాలో పుస్తకం చెప్పదు. పక్కనున్న పాత మెకానిక్ చెబుతాడు. పని శిక్షణ విలువ అదే. దానిని సెలవులుగా భావించే పిల్లలకు పట్టా వస్తుంది గాని పని రాదు.

తల్లిదండ్రులారా, కొన్ని సంగతులు ముందే విచారించండి. గేట్ పరీక్షలో అర్హత పొంది, ఎ.ఐ.సి.టి.ఇ. గుర్తింపు ఉన్న కాలేజీలో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంది. పిల్లలను ముందు ఆ పరీక్షకు కూర్చోబెట్టండి. శిక్షణ ఏ సంస్థలో, ఎన్ని నెలలు, ఎవరి దగ్గర అని కాలేజీవారిని కాగితం మీద అడగండి. ఇస్రో కేంద్రాల్లో కూడా విద్యార్థులు ప్రాజెక్టు చేసుకొనే వీలుంది. అయితే అది ఉద్యోగం కాదు. ఉద్యోగానికి వేరే ప్రకటన, వేరే ఎంపిక ఉంటాయి. డబ్బు కడితే శ్రీహరికోటలో వేయిస్తామనే మధ్యవర్తిని గడప తొక్కనివ్వకండి. ఉన్న ఎకరం తాకట్టు పెట్టి సీటు కొనకండి.

ఇంకో మాట. “ఈ యంత్రాల వల్లనే గదా మాకు కూలి పోయింది” అని వరికోత మిషను చూసి బాధపడే సహోదరీలు మనలో ఉన్నారు. ఆ బాధ నిజం. దానిని చదువుకున్న నోటితో కొట్టిపారేయకూడదు. మిషను వచ్చాక దానిని నడిపేవాడికి, బాగుచేసేవాడికి పని దొరికింది గాని, కొడవలి పట్టిన చేతులన్నిటికీ దొరకలేదు. అందుకే ఈ విద్య కలిగిన ఇళ్ల పిల్లలకే మిగిలిపోకూడదు. కూలివాని బిడ్డ కూడా అక్కడ కూర్చోవాలి. ఏ పని యంత్రానికి ఇవ్వాలి, ఏది మనిషికి ఉంచాలి అని మాట్లాడుకొనేచోట, నడుము వంచి నాటు వేసిన తల్లి కష్టం తెలిసినవారు ఒకరైనా ఉండాలి.

కాబట్టి ఆ తండ్రికి నా జవాబు ఇదే: అమ్మాయికి ఆసక్తి నిజమైతే, పరీక్ష రాసి నిలిస్తే, శిక్షణ సంగతి మీరు విచారించుకుంటే, పంపండి. పెళ్లి మాట రెండేళ్లు ఆగుతుంది.