ఎవరి పైట? ఎవరి సిగ్గు?

పైటను తగలెయ్యాలని జయప్రభ కవిత రాసింది. ఆమె కోపం అబద్ధం కాదు. సిగ్గునంతా తెచ్చి ఆడదాని రొమ్ము మీద మోపిన సమాజమిది. కాని ఒకమాట అడగక తప్పదు. తగలెయ్యాలంటే ముందు పైటంటూ ఒకటుండాలి గదా! అది వేసుకున్నందుకే నడిబజార్లో తన్నులు తిన్న ఆడోళ్ళ సంగతి మన స్త్రీవాద సభల్లో ఎన్నిసార్లు విన్నాం?

దక్షిణ తిరువాన్కూరు, అంటే ఇప్పటి కన్యాకుమారి జిల్లా ప్రాంతం. అక్కడ తాటిచెట్లెక్కి కల్లు గీసే నాడార్ల ఆడోళ్ళు నడుం పైన గుడ్డ కప్పగూడదు. నాయరు స్త్రీ కప్పొచ్చు, కాని నంబూద్రి ఎదురైతే అదీ తియ్యాల్సిందే. కప్పితే పొగరు, విప్పితే మర్యాద! 'భారతీయ స్త్రీ కట్టూబొట్టూ' అని ఉపన్యాసాలు దంచే పెద్దలు ఈ మర్యాద ఏ శాస్త్రంలోదో సెలవివ్వాలి.

నాడార్లలో చాలామంది క్రైస్తవంలోకి పోయారు. 1813-14లో దివానుగా ఉన్న కల్నల్ మన్రో మతం మారిన స్త్రీలు రవిక తొడుక్కోవచ్చన్నాడు. వాళ్ళు రవికతో ఆగలేదు. నాయరు స్త్రీల మాదిరే పైగుడ్డా వేశారు. అగ్రకులాలకు మండింది అక్కడే. 1820లలో సంతల్లో గుడ్డలు చింపారు, బళ్ళు తగలబెట్టారు. 1829లో సర్కారు ఉత్తర్వు: రవిక సరే, పైగుడ్డ కుదరదు. 1858-59లో మళ్ళీ దాడులు. మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఒత్తిడి చేస్తే 1859 జులై 26న రాజు దిగొచ్చాడు. ఎంత దిగొచ్చాడు? రవిక తొడుక్కోండి, లేదా బెస్త ఆడోళ్ళలాగ ముతకగుడ్డ చుట్టుకోండి, పైకులపోళ్ళ మాదిరి మాత్రం కట్టొద్దు అన్నాడు.

ఒళ్ళు కప్పుకోడానికి ఒప్పుకున్నాక కూడా సమానంగా కప్పుకోడానికి ఒప్పుకోలేదు. ఈ తగాదా సిగ్గుది కాదు, గుర్తుది. దూరం నుంచి చూడంగనే కులం తెలియాల. మన ఊళ్ళల్లో దొరల ముందు చెప్పులు చేతబట్టుకొని, తలగుడ్డ విప్పి నడిచినోళ్ళకు ఇది విడమరిచి చెప్పాలా?

చేర్తలలో నంగేలి కథ ఉంది. రొమ్ముపన్ను అడగొచ్చినోడి ముందు రొమ్ములే కోసి పెట్టిందంటారు. దస్తావేజు ఏదీ అని అడిగే పండితులున్నారు. దస్తావేజు రాసిన చెయ్యి ఎవరిది? సరే, అది నోటిమాటే అనుకుందాం. 1829, 1859 ఉత్తర్వులు రాజముద్ర పడినవే గదా, వాటినన్నా చదవండి.

మగోళ్ళకొక గుర్తుంటే ఆడోళ్ళకు నాలుగు. తిరువాన్కూరులోనే పులయ స్త్రీలు బంగారం ముట్టగూడదు, మెడలో రాతిపూసల దండలే ఉండాలి. 1915లో అయ్యంకాళి పిలుపుతో కొల్లం సభలో అందరి ముందూ ఆ దండలు తెంపి కుప్పబోశారు. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో చెప్పిందీ ఇదే: మీ చీరకట్టు, మీ ఒంటిమీది నగలు మీ అంటరానితనాన్ని చాటుతున్నాయి, వాటిని మార్చండని. పైట తియ్యడం ఒకరికి విముక్తి కావచ్చు, వెయ్యడం ఇంకొకరికి తిరుగుబాటు. రెండో చరిత్ర తెలియకుండా మొదటిదాన్నే 'స్త్రీల చరిత్ర' అనడం మాకు కుదరదు.

తొమ్మిదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలో దుస్తుల చరిత్ర మీద ఒక పాఠముండేది. అందులో నాడార్ల పోరాటముంది. 2016లో సి.బి.ఎస్.ఇ. ఆ భాగం నుంచి పరీక్షలో ప్రశ్నలు అడగొద్దంది. 2019లో పాఠం మొత్తం ఎత్తేశారు. పిల్లలకు బరువు తగ్గించడానికట!