పర్చీ కిటికీ వద్ద

ఆసుపత్రికి పోయిన పేదవానికి మొదట కనిపించువాడు వైద్యుడు కాడు. కిటికీ వెనుక కూర్చుండి పర్చీ వ్రాయు గుమాస్తా కనిపించును. పిదప తలుపు కడ నిలిచిన వార్డుబాయి, ఆ పిదప సూదిమందు వేయు నర్సు, మందులు పంచు కంపౌండరు. ఈ వాకిళ్ళన్నియు దాటిన పిమ్మట వైద్యుని దర్శనము, అదియును రెండు మూడు నిమిషములు. కనుక ఆసుపత్రి అన్నంతనే అతని చెవిలో మ్రోగునది ఆ కిటికీ వెనుకటి కంఠము. ఈ కంఠపు కాఠిన్యమును గూర్చి పెద్దలు తరచు సలహాలు చెప్పుదురు: సిబ్బందికి మర్యాద నేర్పవలెనట, గోడలపై సూక్తులు వ్రాయింపవలెనట, రోగి ఓర్మి వహించి, దుడుకుగా మాటాడినవాని పేరు గుర్తుంచుకొని, పై అధికారికి వ్రాతమూలకముగా విన్నవింపవలెనట. చదువుకున్నవాడు చదువుకున్నవానికి చెప్పిన సలహాలివి. బస్తరులో ఇరువది ఏండ్లుగా కాపురమున్న నాకు, ఇచ్చటి దుర్మర్యాదకు మూలము గుమాస్తా నాలుకలో కంటె అతని చెవిలో ఎక్కువగా కనిపించుచున్నది. ఎదుటివాని మాట తనకు తెలియకపోవుటను, అతడు ఎదుటివాని తెలివిమాలినతనముగా లెక్క వ్రాసికొనుచున్నాడు.

నేను కన్నులార చూచిన ఒక సంగతి చెప్పెదను. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినచో అది ఆ ఒక్క ఇంటి తప్పుగా మిగిలిపోవును.

కోంటా వైపునుండి ఒక దోర్ల అవ్వను ఆమె మనుమడు జగదల్‌పూరుకు తీసికొని వచ్చినాడు. దోర్లల పలుకు గోండీ కుటుంబములోనిదే యైనను దానిలో తెలుగు దట్టముగా కలిసియున్నది. ఏమి బాధయని కిటికీలోని గుమాస్తా హిందీలో అడిగినాడు. అవ్వ తన మాటలో, కళ్ళు తిరుగుచున్నవని చెప్పినది. ప్రక్కనున్న వార్డుబాయికి నాలుగు తెలుగు ముక్కలు వచ్చును. అతడు ఉపకారబుద్ధితోనే మాటకు మాట పెట్టి, "ఆంఖే ఘూమ్ రహీ హై" అన్నాడు. ఆంఖ్ అన్న మాట చెవిని పడగానే గుమాస్తా కంటి విభాగమునకు పర్చీ వ్రాసినాడు. తల నిలువని ఆ ముసలిది కంటి వైద్యుని వరుసలో రెండు గంటలకు పైగా నిలిచినది. అక్కడివారు చూచి, శుక్లములున్నవి, మరొకనాడు రమ్మని పంపివేసినారు. ఆమె తిరిగి కిటికీ కడకు వచ్చు వేళకు దానిని మూయబోవుచున్నారు. "బుఢియా, ఉధర్ హట్" అని గుమాస్తా అదలించినాడు: ముసలిదానా, అటు తొలగుమని. తమ రోగమేదో తమకే తెలియని మనుష్యులు, పొద్దంతయు పాడు చేయుదురని గొణిగినాడు కూడ.

నా రక్తపుపోటు మాత్రల కొరకు వచ్చిన నేను ఆ వెనుకనే ఉన్నాను. హిందీలో కలుగజేసికొన్నాను. గుమాస్తా కుర్చీలోనుండి సగము లేచి, "ఆప్ బైఠియే" అన్నాడు. మరొక పర్చీ వ్రాసినాడు. వైద్యురాలు మంచి మనిషి, విసుగులేకయే అడిగినది. అయినను లోపల కూడ భాష తన ఆట మానలేదు. "చక్కర్ ఆతా హై?" అని ఆమె అడిగినది. హిందీలో కళ్ళు తిరుగుటను చక్కర్ అనియే అందురు. మనుమడు చక్కెర అనుకొన్నాడు. మధుమేహమును పల్లెలలో చక్కెర వ్యాధి అనుచున్నారు కదా. "చక్కెర లేదమ్మా, పరీక్ష చేయించినాము" అని చెప్పి, ప్రక్కకు ప్రక్కకు తల ఊపినాడు. ఆ ఊపు ఒక్కటే వైద్యురాలికి అర్థమైనది: తల తిరుగుట లేదని. ఆమె కలము కాగితమును తాకకమున్నే నేను అడ్డుపడకున్నచో, ఏ బాధతో ఆ అవ్వ అంత దూరము వచ్చినదో ఆ బాధ లేదని వ్రాతపూర్వకముగా నిర్ధారణ యగును. రక్తపుపోటు కొలిచి చూచినారు. వెంటనే మంచము మీద పరుండబెట్టినారు.

ముప్పది ఏండ్లుగా హిందీనుండి తెలుగులోనికి, తెలుగునుండి హిందీలోనికి పుస్తకములు మార్చుచు బ్రతుకుచున్నాను. నుడికారమును మాటకు మాటగా దింపరాదని క్రొత్త అనువాదకులకు చెప్పుచుందును. పుస్తకములో ఆ తప్పు జరిగినచో విమర్శకుడు నవ్వును, అంతకు మించి ఏమియు లేదు. ఇక్కడ ఆ తప్పు ఒక మనిషిని తప్పుడు వరుసలో నిలబెట్టినది, ఆపై తిట్టు కూడ తినిపించినది.

జనసమ్మర్దము ఎక్కువ, సిబ్బంది తక్కువ, కంఠము పెరుగుట సహజమని నాతో వాదించువారున్నారు. అదియే నిమిషములో, అదియే కిటికీలో, అదియే సమ్మర్దములో ఆ గుమాస్తా నన్ను ఆప్ అన్నాడు. అలసినవాని నాలుక అందరిపైనను ఒక్క తీరుననే అలయవలెను. హిందీలో తూ, తుమ్, ఆప్ అని మూడు మెట్లున్నవి; కోయ, దోర్ల పల్లెలలో నేను విన్నంతవరకు ఈ మెట్ల పట్టింపు లేదు, పెద్దవానినైనను నువ్వు అనియే పిలుతురు. ఆ అలవాటుతోనే ఒకడు వచ్చీరాని హిందీలో నర్సును తుమ్ అనగానే, వీడు తలబిరుసువాడని ఆమె ముఖము త్రిప్పుకొనును. తనకు జరిగిన అవమానమెట్టిదో అతనికి తెలియును. తాను చేసిన అపరాధమేదో మాత్రము తెలియదు.

మరి వారే హిందీ నేర్వవచ్చును కదా అని ఇంకొక వాదము. నేర్వవచ్చును, పిల్లలు నేర్చుచునే ఉన్నారు. కాని రోగము ఆ చదువు ముగియువరకు వేచియుండదు. పైగా తన పలుకు ప్రజకు తెలియనప్పుడు దానిని ప్రజ భాషలోనికి మార్చవలసిన భారము పాలకునిదేనన్న ఎరుక ఈ నేలకు క్రొత్తది కాదు. దంతెవాడలో దిక్పాలదేవుని కాలపు శాసనములు రెండున్నవి, 1703 నాటివి. ఒక రాతిపై సంస్కృత ప్రశస్తి. రెండవ రాతిపై అదియే దేశభాషలో. కలియుగములో సంస్కృతము చదువువారు తక్కువగుదురు గనుక రెండవ రాయి చెక్కించినామని ఆ శాసనమే కారణము చెప్పుచున్నది. రాజు కీర్తికి దుబాసి కావలసివచ్చినాడు, ముసలమ్మ తలతిప్పుటకు అక్కరలేదా? మన తెలుగునేలకు దగ్గరి ఉదాహరణ కావలెనన్నచో, 1943లో హైదరాబాదు సంస్థానపు ఆదిలాబాదు అడవులలో, మార్లవాయిలో, హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు గోండీలోనే శిక్షణ మొదలైనది. బడికి సాధ్యమైనది ఆసుపత్రికి అసాధ్యమనుట నాకు నమ్మకము కలిగించదు. 2011 జనాభా లెక్కలలో గోండీ తమ మాతృభాషయని చెప్పినవారు 29 లక్షల 84 వేల మంది. ఇది గుప్పెడు మంది ముచ్చట కాదు.

ఇంతవరకు చదివి, ఇది హిందీవారి దోషమని తెలుగు పాఠకుడు తృప్తి పడవలదు. కోంటా, భోపాలపట్నం ప్రాంతములవారు జబ్బు చేసినచో గోదావరి వైపునకు, భద్రాచలము వరకును పోవుట అందరెరిగినదే. దారి దగ్గర, తెలుగు వచ్చినవానికి మాట కూడ దగ్గర. కాని 2005 తరువాత అల్లర్లకు జడిసి సరిహద్దు దాటి వచ్చిన లోతట్టు గోండులను, మనవారు గుత్తికోయలని పిలుచువారిని, మనము ఏ కంఠముతో పలుకరించుచున్నాము? గోదావరి పక్క ఒక ఆసుపత్రి వాకిట, "తెలుగు కూడ రాదా నీకు?" అని ఒక బాలింతను కసరుట నా చెవులార విన్నాను. బాధకు గోండీలోనున్న మాటయు మన 'నొప్పి'యు ఒక్క ధాతువునుండి పుట్టినవే. చుట్టపు మాటను గుర్తుపట్టుటకు ఒక్క క్షణము చెవి ఒగ్గినచో చాలును. ఆ క్షణమే అక్కడ కరవైనది.

నేను కోరునది పెద్ద సంస్కరణము కాదు. కిటికీ ప్రక్కన ఒక కుర్చీ, దానిలో హల్బీ, గోండీ, అవసరమున్నచోట తెలుగు తెలిసిన ఒక మనిషి. అతనికి నెల జీతము, ఒక హోదా. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మితానిన్ పద్ధతిలో, పల్లెవాడ తన స్త్రీనే ఆరోగ్యసేవికగా ఎన్నుకొనును. రోగిని వెంటబెట్టుకొని వచ్చు ఆ మితానిన్ పల్లెలో ఎంత గౌరవము గలదైనను, కిటికీ ముందు తానును వరుసలో ఒకతె. ఆమె చెప్పు మాటను రోగి చరిత్రలో భాగముగా వ్రాసికొనవలెనని ఎవరును ఆజ్ఞ వేయలేదా అని అడిగినాను. పెద్దగుమాస్తా నవ్వి, గోడను చూపినాడు. అచ్చట రోగుల హక్కుల పత్రము వ్రేలాడుచున్నది. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో సిద్ధపరుపగా, మరుసటి ఏట కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రములకు పంపినది. రోగికి తెలిసిన భాషలో అతని స్థితిని వివరింపవలెనని దానిలో ఉన్నది. ఆ వాక్యము హిందీలోను ఇంగ్లీషులోను ఉన్నది.

అవ్వ మంచము దిగిన పిమ్మట, ఫిర్యాదు వ్రాయుదమా అని అడిగినాను. "నువ్వు రాయి బాబూ, నేను చెప్తాను" అన్నది. ఆమె చెప్పినట్లు తెలుగులోనే వ్రాసి, ఆమె వ్రేలిముద్ర వేయించి తీసికొని పోయినాను. హిందీలో తెమ్మన్నారు. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణ కొరకు ఏ అధికారికైనను రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఎవరైనను విన్నపము ఇచ్చుకొనవచ్చునని చెప్పినాను. ఎనిమిదవ షెడ్యూలులో ఆ భాష ఉండవలెనని కూడ అందులో లేదన్నాను. మీరే అనువాదకులు కదా, పది వాక్యములు మీరే మార్చి ఇయ్యరాదా అని పెద్దగుమాస్తా నొచ్చుకొన్నట్లు అడిగినాడు. ఇయ్యనన్నాను. చాల సేపు ఊరకుండి, చివరకు ముద్ర వేసి నకలు ఇచ్చినాడు. ముద్ర క్రింద తేది ఉన్నది, సంతకమున్నది, తన చేతివ్రాతతో హిందీలో రెండు మాటలున్నవి: "భాషా అస్పష్ట్".