అవయవ మార్పిడి తర్వాత తెల్లరక్తకణాలు తగ్గితే.. మాత్రలు ఆపేయొచ్చా?

తిరుపతి స్విమ్స్‌లో కిడ్నీ మార్పిడి జరుగుతోంది. 2023 జనవరిలో టీటీడీ శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో తొలి గుండె మార్పిడి కూడా జరిగింది. చిత్తూరు వాసులకు వేలూరు సీఎంసీ దగ్గర. అక్కడ 1971 నుంచే కిడ్నీ మార్పిడి ఉంది. అయితే ఇంటికొచ్చాక రక్తపరీక్ష మాత్రం చాలామంది దగ్గర్లోని ల్యాబ్‌లోనే చేయించుకుంటారు. ఫోన్‌కు వచ్చిన రిపోర్టులో తెల్లరక్తకణాలు 2,300 అని కనిపిస్తే ఏం చేయాలి?

ఎంత ఉంటే తక్కువ?

మైక్రోలీటరు రక్తంలో సాధారణంగా 4,000 నుంచి 11,000 వరకు తెల్లరక్తకణాలు ఉంటాయి. వీటిలో ముఖ్యంగా చూడాల్సింది న్యూట్రోఫిల్స్‌ను. 2,300లో అవి 50 శాతం అంటే 1,150 అన్నమాట. 1,500 కంటే తగ్గితే తక్కువ, 500 కంటే తగ్గితే ప్రమాదకరం.

కారణం ఏమిటి?

ఎక్కువసార్లు మందులే. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మైకోఫెనోలేట్, అజాథయోప్రిన్ ఎముక మజ్జలో కణాల తయారీని తగ్గిస్తాయి. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్, కోట్రైమాక్సజోల్‌తోనూ ఇదే సమస్య రావచ్చు. సైటోమెగలో వైరస్ సోకినా కణాలు పడిపోతాయి. అంటే వైరస్ వల్ల తగ్గినా, దాన్ని అడ్డుకునే మందు వల్ల తగ్గినా రిపోర్టు ఒకేలా ఉంటుంది. తేడా తెలియాలంటే పీసీఆర్ పరీక్ష చేయాలి. క్షయ, బీ12 లోపం కూడా కారణం కావచ్చు.

మరో చిక్కు యూరిక్ యాసిడ్ మాత్ర. అజాథయోప్రిన్ వాడుతున్న వారికి తెలియక ఇంకో డాక్టర్ అల్లోప్యూరినాల్ రాస్తే, మొదటి మందు ప్రభావం బాగా పెరిగి కణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

సొంతంగా ఆపితే?

కణాలు పెరగొచ్చు గానీ, అవయవం పోవచ్చు. అలాగని పట్టించుకోకపోతే ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఏ మందు ఎప్పుడు మొదలైంది, కణాలు ఎప్పటి నుంచి తగ్గాయి అని డాక్టర్లు తేదీలు పోల్చి చూస్తారు. దాన్నిబట్టి మోతాదు మారుస్తారు. అవసరమైతే కణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇస్తారు. కారణం దొరకకపోతే ఎముక మజ్జ పరీక్ష చేయిస్తారు.

మీరు ఏం చేయాలి?

ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, జ్వరానికి వైద్యం మరో రాష్ట్రంలో అయినప్పుడు మీ వివరాలన్నీ ఒకేచోట ఉండవు. కాబట్టి మందుల షాపులో కొన్నవి, ఆయుర్వేదం సహా అన్ని మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీలు రాసి పెట్టుకోండి. రిపోర్టు వచ్చిన రోజే మార్పిడి చేసిన ఆసుపత్రికి పంపండి. కణాలు తక్కువగా ఉండి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.