డోలుకు పేరుండాలి
1996లో సైమన్ ఎమ్మర్సన్ బృందం ఆఫ్రో కెల్ట్ సౌండ్ సిస్టమ్ తొలి ఆల్బమ్‌లో పశ్చిమాఫ్రికా కోరా తీగలకూ ఐర్లండ్ తిత్తి వాద్యానికీ వియ్యం కుదిర్చింది. తర్వాత జానీ కల్సీ పంజాబీ ఢోల్‌తో వచ్చి చేరాడు. అది వింటుంటే నా మనసు భద్రాచలం మీదికే పోతుంది. గోదావరి ఒడ్డున రామదాసు కీర్తన, కాస్త అడవిలోకి వెళ్తే కోయల డోలు. తలపై అడవిదున్న కొమ్ములు, వాటి నడుమ నెమలి ఈకలు, భుజాన బరువైన డోలు. ఒక్క దెబ్బ పడగానే వరసంతా అడుగు మారుస్తుంది. ఈ రెంటినీ కలిపి ఆల్బమ్ చేస్తామంటే ముందు చప్పట్లు నేనే కొడతాను, ఆ వెంటనే షరతూ పెడతాను. ఇన్నాళ్లూ మనం డోలు వాయించేవాళ్లను మంత్రుల స్వాగతానికి ఎండలో నిలబెట్టడానికే వాడుకున్నాం (ఆ రోజు భోజనం పెట్టామో లేదో!). మణుగూరు మండలం కూనవరం డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క-సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన కన్నుమూశారు. ఫ్యూజన్ బాబులూ, డోలు దెబ్బను కత్తిరించి కీబోర్డులో దాచుకోకండి. వాయించినవాడి పేరు అట్టమీద, రాయల్టీలో వాటా కాగితం మీద రాసిచ్చాకే మైకు ఆన్ చేయండి.