లిపికి ఎవరి పేరు పెడదాం?

సాఫ్ట్‌వేర్‌ని ఫార్సీలోకి తెచ్చేవాళ్ళ ముందు ఒక పొడవాటి జాబితా ఉంటుంది. ప్రపంచంలోని లిపుల పేర్లన్నీ అందులో ఉంటాయి: లాటిన్, గ్రీకు, దేవనాగరి, తెలుగు... ఒక్కోదాని ఎదురుగా ఫార్సీ పేరు రాస్తూ పోవాలి. చూడ్డానికి గుమాస్తా పని. కానీ ‘అరబిక్’ దగ్గరికి వచ్చేసరికి అసలు తగువు మొదలవుతుంది. అక్కడ ‘అరబీ’ అని రాసేసి తర్వాతి గడిలోకి పోయేవాళ్ళంటే నాకు చిరాకు. దాన్ని కొట్టేసి ‘ఫార్సీ’ అని రాసి మీసం మెలేసేవాళ్ళన్నా అంతే చిరాకు.

మొదటివాళ్ళ సంగతి చూద్దాం. ప్రమాణంలో అలానే ఉంది కదా అంటారు. నిజమే, ఐఎస్‌ఓ 15924లో ఈ లిపికి ‘అరబ్’ అనే నాలుగక్షరాల సంకేతం, 160 అనే సంఖ్య ఉన్నాయి. యూనికోడ్‌లో ఫార్సీ ‘యే’ అక్షరం పూర్తి పేరు ‘అరబిక్ లెటర్ ఫార్సీ యే’. ఒకసారి పెట్టిన పేరు యూనికోడ్ మార్చదు. సరే, మార్చొద్దు. అది యంత్రం కోసం పెట్టిన గుర్తు. తెర మీద కనబడే పేరు మనిషి కోసం. ఆ తేడా కోసమే కదా స్థానికీకరణ అనే పని పుట్టింది! ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టేయమన్నట్టు, ఇంగ్లీషులో ఉన్నదాన్ని దించెయ్యడానికి మనిషెందుకు?

ఫార్సీలో ‘అరబీ’ అంటే ముందు గుర్తొచ్చేది భాష. కీబోర్డుల జాబితాలో ఆ ఒక్క మాటే కనబడితే, ఇది మనది కాదు అనుకుంటుంది ఇరాన్ అమ్మాయి. ఇది మనసు నొచ్చుకోవడంతో ఆగే విషయం కాదు. అరబ్బీకి 28 అక్షరాలు, ఫార్సీకి 32. పే, చే, ఝే, గాఫ్ అదనం. ‘యే’, ‘కాఫ్’ రెండు భాషల్లోనూ ఉన్నా యూనికోడ్‌లో వాటి స్థానాలు వేరు. పదం మధ్యలో ఉన్నప్పుడు కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అవి వేర్వేరు అక్షరాలు. అరబ్బీ కీబోర్డుతో కొట్టిన పేరు ఫార్సీ కీబోర్డుతో వెతికితే దొరక్కపోవచ్చు. 4, 5, 6 అంకెల రూపాలూ వేరే.

ఇక రెండో జట్టు. మొత్తం లిపినే ‘ఫార్సీ’ అనేస్తే ఉర్దూ, పష్తో, సింధీ, ఉయ్‌గుర్ ఎక్కడికి పోవాలి? అరబ్బీని కూడా ‘ఫార్సీ లిపిలో రాసే భాష’ అందామా? పైగా ఫార్సీ ఒక్క లిపికే కట్టుబడిన భాష కూడా కాదు. బిసోతూన్ కొండ మీద దరియస్ చెక్కించిన శాసనంలో ప్రాచీన పారశీకం మేకుల్లాంటి గీతల లిపిలో ఉంది. తర్వాత పహ్లవీ లిపులు వచ్చాయి. తజికిస్తాన్‌లో ఇదే భాషని 1920ల చివర్లో లాటిన్‌కి, 1940 ప్రాంతంలో సిరిలిక్‌కి మార్చారు, ఇప్పటికీ సిరిలిక్‌లోనే రాస్తున్నారు. ఇన్ని లిపులు మారినా భాష బతికే ఉంది. దాని పరువంతా ఒక మెనూలోని మాట మీద వేలాడుతోందంటే నేను నమ్మను. ‘ప్రాచీన పారశీకం’ కూడా ఆ జాబితాలో ఒక లిపి పేరే. పక్కనే ఉత్త ‘ఫార్సీ’ అని ఇంకోటి పెడితే గందరగోళం రెట్టింపు.

నా వాదన ఇది. లిపి కుటుంబాన్ని చెప్పేచోట ‘ఖత్తె అరబీ’ అనాలి. అరబ్బీ లిపి అని అర్థం. ఆ ‘ఖత్’ అనే మాట పెడితే భాషతో కలగలిసిపోదు. మనిషి తన రాత కోసం ఎంచుకునేచోట, అంటే కీబోర్డు, ఫాంటు, అంకెల దగ్గర, ‘ఫార్సీ’ అని రాసి ఊరుకోవాలి. ఒకే ఇంగ్లీషు మాటకి రెండుచోట్ల రెండు పేర్లా అని కంగారుపడక్కర్లేదు. యూనికోడ్ వాళ్ళ సీఎల్‌డీఆర్ ఇంగ్లీషు జాబితాలోనే ఈ లిపికి ‘పెర్సో-అరబిక్’ అనే ప్రత్యామ్నాయం ఉంది.

ఇది ఇరాన్ గొడవ, మనకెందుకు అంటారేమో. దేవనాగరిని ‘హిందీ లిపి’ అంటూ మరాఠీ, నేపాలీలని మర్చిపోయేది మనమే. రోమన్‌ని ‘ఇంగ్లీషు అక్షరాలు’ అనేదీ మనమే. ఇంకా దగ్గరి చుట్టరికం కూడా ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’కీ ‘వే’కీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంది. అది లేకపోతే ‘వ’ వెళ్ళి ‘ట’ కింద ఒత్తై కూర్చుంటుంది. ఫార్సీలో ‘మీఖాహమ్’ అని రాయడానికీ సరిగ్గా అదే అక్షరం కావాలి. ప్రమాణంలో దాని పేరు ‘జీరో విడ్త్ నాన్-జాయినర్’. ఇరానీలు దాన్ని ‘నీమ్ ఫాసెలే’ అన్నారు, అంటే అర ఖాళీ. అది ఎవరి సొత్తు అని వాళ్ళు తగువుపడలేదు. రాసేవాడికి అదేం చేస్తుందో చూసి పేరు పెట్టారు. లిపి పేరు దగ్గరా ఆ పాటి ఇంగితం చాలు.

మనం మాత్రం ఆ అక్షరాన్ని రోజూ వాడుతూ కూడా దానికో తెలుగు పేరు స్థిరపరచుకోలేదు.